గ్లకోమా చుక్కలు వాడేవారికి కళ్ల మంట, ఎరుపు, గరగర: ఏం చేయాలి, ఎలా చేయాలి

గ్లకోమాకి (సాధారణంగా కంటి లోపలి ప్రెషర్ ఎక్కువై చూపు నరం దెబ్బతినే జబ్బు) చుక్కలు వాడేవాళ్లలో చాలామంది డాక్టర్ దగ్గర చెప్పకుండా వచ్చేసే మాట ఒకటుంది: కళ్లు మండుతున్నాయని. ప్రెషర్ ఎంతుందో చూపించుకుంటారు, నరం ఎలా ఉందో అడుగుతారు, మందులు రాయించుకుని వచ్చేస్తారు. ఇసుక పడ్డట్టు గరగరలాడటం, సాయంత్రానికి కళ్లు ఎర్రబడటం, పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోవడం, చదువుతుంటే అక్షరాలు మసకబారి రెప్ప వాల్చగానే మళ్లీ తేటపడటం... ఇవన్నీ "మందు ఘాటు కదా, తప్పదు" అని సర్దుకుపోతారు. కొందరు ఎవరికీ చెప్పకుండా ఒక పూట చుక్కలు ఎగ్గొడతారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వైద్యులు దీన్ని కంటి ఉపరితల వ్యాధి అంటారు. చుక్కలు వాడే గ్లకోమా రోగుల్లో సుమారు సగం మందిలో ఇది ఎంతో కొంత కనిపిస్తుంది. రోజుకు వేసుకునే చుక్కలు ఎన్ని ఎక్కువైతే, ఎన్నేళ్లుగా వాడుతుంటే, బాధ అంత పెరుగుతుంది. ఇంత మామూలుగా వచ్చే సమస్య గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే దీన్ని ఓర్చుకోవాల్సిన పని లేదు, చుక్కలు మానాల్సిన పనీ లేదు. ఈ రెండింటి మధ్య చేయదగినవి చాలా ఉన్నాయి. వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: చుక్కలు ఆపకండి, ప్రమాద లక్షణాలు తెలుసుకోండి

గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. కంటి పైపొర దెబ్బతింటే చాలావరకు మళ్లీ బాగుపడుతుంది. అందుకే మంట పుట్టిస్తున్న చుక్క ఏదో మీకు తెలిసిపోయినా సరే, సొంతంగా ఆపేయకండి. ప్రెషర్ పెరుగుతున్న సంగతి చాలామందికి లోపల ఏమాత్రం తెలియదు. నొప్పి ఉండదు, చూపు కూడా వెంటనే తగ్గదు. డాక్టర్‌కి ఫోన్ చేసి, "ఈ చుక్క వేస్తే ఇలా అవుతోంది, బదులు ఏం వాడమంటారు" అని అడగండి. బదులు మందు మొదలుపెట్టాకే పాతది ఆపాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. చుక్క వేశాక ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరిగి పడిపోయేలా ఉండటం, ముఖం వాయడం లాంటివి వస్తే ఆ మందు మళ్లీ వేయకుండా వెంటనే వైద్య సాయం తీసుకోవాలి. టిమోలాల్ లాంటి బీటా బ్లాకర్ చుక్కలు ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు పడవు. కంట్లో వేసినదే అయినా ఒంట్లోకి వెళ్తుంది.

మామూలు మంట వేరు, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు వేరు. భరించలేని కంటి నొప్పి, దానితోపాటు తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించడం, చూపు ఉన్నట్టుండి తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, పచ్చని చీము లాంటి పుసులు, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. గ్లకోమాకి ఆపరేషన్ అయిన కన్నయితే ఇంకా జాగ్రత్త. ఆపరేషన్ ఎన్నేళ్ల కింద అయినా సరే, ఆ కన్ను ఎర్రబడి నొప్పి, పుసులు ఉంటే అదే రోజు చూపించాలి. కొన్ని ఆపరేషన్లలో కంటి లోపలి ద్రవం బయటికి వచ్చేలా పైరెప్ప కింద చేసే చిన్న ఉబ్బు గుండా ఇన్ఫెక్షన్ కంటి లోపలికి పాకే ప్రమాదం ఉంటుంది.

రెండో అడుగు: లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోండి

కంటిపైన కన్నీటి పొర చాలా పలుచగా పరుచుకుని ఉంటుంది. కంటిని అంటిపెట్టుకుని జిగురు, దాని మీద నీరు, అన్నిటికంటే పైన సన్నటి నూనె పొర. ఈ నూనె రెప్పల అంచుల్లో వరుసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. నూనె పొర సరిగా ఉంటేనే నీరు ఆవిరైపోకుండా నిలుస్తుంది. జిగురునిచ్చే కణాలు తెల్లగుడ్డు మీది పొరలో ఉంటాయి.

చాలా చుక్కల సీసాల్లో మందుతోపాటు ప్రిజర్వేటివ్ కూడా ఉంటుంది. సీసా మూత తీశాక అందులో సూక్ష్మజీవులు పెరగకుండా చూడటం దాని పని. ఎక్కువగా వాడేది బెంజాల్కోనియం క్లోరైడ్. ఇది సబ్బు జాతి రసాయనం. జిడ్డు గిన్నె మీద సబ్బు ఏం చేస్తుందో కన్నీటి నూనె పొర మీద ఇదీ అదే చేస్తుంది. నూనె చెదిరిపోతే కన్నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. జిగురు కణాలు తగ్గిపోతాయి, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైకణాలు దెబ్బతింటాయి, తెల్లగుడ్డు పొరలో వాపు మొదలవుతుంది. ఒక్క రోజులో వచ్చే నష్టం చాలా తక్కువే. గ్లకోమా చుక్కలు మాత్రం ఏళ్ల తరబడి, చాలామందికి జీవితాంతం వేసుకోవాల్సినవి. రోజూ మూడు రకాల చుక్కలు వేసుకునే మనిషి కంట్లో ఈ రసాయనం ఎన్నిసార్లు పడుతుందో ఒక్కసారి లెక్కేసుకోండి.

ప్రిజర్వేటివ్ ఒక్కటే దోషి అనలేం. కొన్నిసార్లు మందే పడదు. కొందరికి గ్లకోమా రాకముందే డ్రై ఐ (కళ్లు పొడిబారే సమస్య) ఉంటుంది, చుక్కలు దాన్ని పెంచుతాయి. వయసు, మెనోపాజ్, గంటల తరబడి స్క్రీన్ చూడటం, కీళ్లవాతం, థైరాయిడ్ సమస్యలు, అలర్జీకి వేసుకునే మాత్రలు, ఇవన్నీ కళ్లను పొడిబారుస్తాయి. సాధారణంగా ఒక కంట్లో రెండు మూడు కారణాలు కలిసే ఉంటాయి.

పైపొర పాడైతే పోయేది సుఖం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మంటకు భయపడి చుక్కలు ఎగ్గొడితే ప్రెషర్ అదుపు తప్పుతుంది. కన్నీటి పొర నిలకడగా లేకపోతే ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల చూపు ఎంతుందో చూసే పరీక్ష) తప్పుగా రావచ్చు, చూపు నరాన్ని కొలిచే ఓసీటీ స్కాన్ నాణ్యత పడిపోవచ్చు. దాంతో జబ్బు ముదిరిందేమో అని లేనిపోని టెన్షన్. ఏళ్ల తరబడి వాపుతో ఉన్న తెల్లగుడ్డు పొర మీద రేపు ఆపరేషన్ చేయాల్సి వస్తే, మచ్చ కట్టి, ద్రవం బయటికి పోవడానికి చేసిన దారి మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అందుకే పైపొరను చూసుకోవడం గ్లకోమా వైద్యంలో భాగమే అంటాను.

మూడో అడుగు: వారం రోజులు గమనించి రాసుకోండి

"కళ్లు మండుతున్నాయి" అని ఊరికే చెబితే డాక్టర్‌కి దొరికే ఆధారం తక్కువ. ఎప్పుడు, ఏ చుక్క తర్వాత, ఎంతసేపు అన్నది చెబితే సగం పని అయిపోయినట్టే. ఒక కాగితం మీదో ఫోన్‌లోనో వారం పాటు ఇవి రాయండి: చుక్క పేరు, వేసిన టైమ్, వేయగానే మంట వచ్చిందా, ఎన్ని నిమిషాలు ఉంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, రెండు కళ్లలోనా ఒక్క కంట్లోనా. చుక్కలు ఒకే కంట్లో వేసుకునేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. చుక్క పడే కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా ఉంటే అనుమానం నేరుగా చుక్క మీదికే వెళ్తుంది.

ఈ గమనికలోంచి కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. వేయగానే చురుక్కుమని, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతే అది చాలావరకు ఆ ద్రవం ఆమ్లత్వం వల్ల. డోర్జోలమైడ్‌కి ఇది బాగా తెలిసిన గుణం. అదే జాతి బ్రింజోలమైడ్ అంత మండదు, వేశాక కాసేపు తెల్లగా మసకేస్తుంది. అది పాలలాంటి ద్రవం కాబట్టి ప్రతిసారీ సీసాను బాగా ఊపి వేయాలి.

బ్రిమోనిడిన్ విషయం వేరు. నెలల తరబడి బాగానే పడుతుంది. తర్వాత ఒకరోజు నుంచి దురద, ఎరుపు, రెప్పల చుట్టూ చర్మం పొరలు రేగడం, కింది రెప్ప లోపల చిన్న చిన్న పొక్కులు. ఇన్నాళ్లూ పడిన మందు కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు. దురదే ప్రధానమైతే, ఈ చుక్క వాడుతుంటే, అలర్జీ అయి ఉండొచ్చని డాక్టర్‌తో తప్పక అనండి. ఇక్కడ కంటిని తడిగా ఉంచే లూబ్రికెంట్ చుక్కలు ఎన్ని వేసినా లాభం ఉండదు, డాక్టర్ ఆ మందునే మార్చాలి.

లాటనోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ లాంటి ప్రోస్టాగ్లాండిన్ చుక్కల వల్ల కళ్లు ఎర్రబడతాయి. మొదలుపెట్టిన కొత్తలో ఎక్కువగా ఉండి, వారాలు గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. కనురెప్పల వెంట్రుకలు పొడవుగా పెరగడం, కళ్ల చుట్టూ చర్మం నల్లబడటం, కన్ను కాస్త లోపలికి పోయినట్టు కనిపించడం కూడా వీటివల్లే. వీటితో రెప్పల నూనె గ్రంథులు మూసుకుపోవడం ఎక్కువ. పొద్దున లేవగానే బాధ ఎక్కువుండి, రెప్పల అంచులు ఎర్రగా మందంగా ఉంటే నూనె గ్రంథులను అనుమానించండి. రోజు గడిచేకొద్దీ పెరుగుతుంటే కన్నీరు తక్కువగా ఊరడమో తొందరగా ఆవిరైపోవడమో అయి ఉంటుంది. టిమోలాల్ కన్నీరు ఊరడాన్ని, కార్నియా స్పర్శను తగ్గించగలదు. స్పర్శ తగ్గితే రెప్ప వాల్చడమూ తగ్గుతుంది. కంటి పైపొర బాగా పాడైనా రోగికి పెద్దగా బాధ తెలియకపోవచ్చు. బాధ లేదు కాబట్టి సమస్య లేదనుకోకూడదని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

నాలుగో అడుగు: మీ సీసాలన్నీ ఒకచోట పెట్టి చదవండి

ఇంట్లో ఉన్న కంటి మందులన్నీ బల్ల మీద పెట్టండి. గ్లకోమావే కాదు, లూబ్రికెంట్లు, అలర్జీ చుక్కలు, ఎప్పుడో మిగిలిపోయిన సీసాలు కూడా. ప్రతి పెట్టె మీద ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉందో లేదో చూడండి. శాతం కూడా వేస్తారు, గ్లకోమా చుక్కల్లో సాధారణంగా 0.005 నుంచి 0.02 వరకు. కొన్నిట్లో దాని బదులు పాలీక్వాటర్నియం లాంటి కాస్త సౌమ్యమైన ప్రిజర్వేటివ్ ఉంటుంది. కొన్నిటి మీద ప్రిజర్వేటివ్ ఫ్రీ అని స్పష్టంగా రాసి ఉంటుంది.

ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి బయటపడుతుంది. పొడిబారినందుకు కొనుక్కున్న లూబ్రికెంట్‌లో కూడా అదే ప్రిజర్వేటివ్ ఉండొచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి లూబ్రికెంట్ వేసుకునేవాళ్లకు ప్రిజర్వేటివ్ లేనిదే మంచిది. గ్లకోమా చుక్కలు వాడేవాళ్లయితే ఎన్నిసార్లన్న లెక్క పెట్టుకోకుండా మొదటి నుంచీ అదే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. సాధారణ సీసాలను తెరిచాక 4 వారాలకు మించి వాడకపోవడం క్షేమం, పెట్టెలోని కాగితంలో వేరే గడువు ఉంటే అది పాటించండి. ఒక్కసారికే వాడే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి, తెరిచింది సాయంత్రానికి దాచుకోకూడదు.

ఐదో అడుగు: చుక్క వేసే పద్ధతి సరిచేసుకోండి

నేను ఎక్కువ పట్టుబట్టేది దీని మీదే. ఖర్చు లేదు, ఈ పూటే మొదలుపెట్టొచ్చు.

సీసా నుంచి రాలే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంట్లో మామూలుగా ఉండే కన్నీరు 7 నుంచి 10 మైక్రోలీటర్లే. రెప్ప కింద ఎంత నింపినా 30 దాకా మాత్రమే పడుతుంది. అంటే ఒక్క చుక్కే కంటికి ఎక్కువ. రెండోది వేస్తే అది చెంప మీదికి జారుతుంది, చర్మాన్ని రేపుతుంది, సీసా తొందరగా అయిపోతుంది. ప్రెషర్ మాత్రం అదనంగా తగ్గదు. లాటనోప్రోస్ట్‌ని రోజుకు ఒకసారికి మించి వేస్తే దాని పని ఇంకా తగ్గే అవకాశం కూడా ఉంది.

చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. కూర్చుని తల వెనక్కి వాల్చండి, లేదా పడుకోండి. చూపుడు వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. సీసాను దానికి పైన, దగ్గరగా పట్టుకోండి, మొన మాత్రం కంటికి, వెంట్రుకలకు తగలకూడదు. చేయి వణుకుతుంటే సీసా పట్టుకున్న చేతిని నుదుటి మీదో, రెప్ప లాగిన చేతి మీదో ఆనించండి. పైకి చూస్తూ ఒక్క చుక్క వేయండి. పడిందో లేదో తెలియకపోతే, ఫ్రిజ్‌లో పెట్టడానికి వీలున్న మందును చల్లగా ఉండగా వేసుకోండి, చల్లదనం తగలగానే తెలిసిపోతుంది. మంట కూడా కాస్త తక్కువగా అనిపిస్తుంది.

చుక్క పడ్డాక కన్ను టపటపా కొట్టకండి, గట్టిగా మూయకండి. మెల్లగా మూసి, ముక్కు వైపు కంటి మూలలో వేలితో సుతారంగా నొక్కి రెండు మూడు నిమిషాలు ఉంచండి. అక్కడున్న కన్నీటి దారి మూసుకుని మందు ముక్కులోకి, గొంతులోకి దిగకుండా కంట్లోనే ఉంటుంది. ఒంటికి పట్టే దుష్ప్రభావాలూ తగ్గుతాయి. ఆ తర్వాత కళ్లు తెరవకముందే శుభ్రమైన తడి దూదితోనో టిష్యూతోనో రెప్పల మీద, బుగ్గ మీద మిగిలిన మందును తుడిచేయండి. కళ్ల కింద చర్మం నల్లబడటం, పొరలు రేగడం తగ్గించుకోవడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు.

రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగాలి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. 10 నిమిషాలు ఆగగలిగితే ఇంకా మంచిది. లూబ్రికెంట్ చుక్క గ్లకోమా మందు వేసిన 10 నుంచి 15 నిమిషాల తర్వాత, జెల్ లేదా ఆయింట్‌మెంట్ అన్నిటికంటే చివర. ముందే జెల్ రాసుకుంటే మందు లోపలికి పోదు.

కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు ప్రిజర్వేటివ్ ఉన్న చుక్క వేసే ముందు లెన్స్ తీసేసి, వేశాక 15 నిమిషాలు ఆగి పెట్టుకోవాలి. మెత్తని లెన్స్ ఆ రసాయనాన్ని పీల్చుకుని గంటల తరబడి కంటికి అందిస్తుంటుంది.

ఆరో అడుగు: రెప్పలు, కన్నీరు

నూనె గ్రంథులు మూసుకుపోయిన వాళ్లకు వేడి కాపడం నిజంగా పనిచేస్తుంది, సరిగా చేస్తే. చాలామంది తడిగుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి ఒక నిమిషం పెట్టుకుని తీసేస్తారు. గుడ్డ నిమిషంలోనే చల్లారిపోతుంది, గడ్డకట్టిన నూనె కరగదు. రెప్పల మీద 40 డిగ్రీల సెల్సియస్‌కి కాస్త పైనుండే వేడి 5 నుంచి 10 నిమిషాలు నిలవాలి. గుడ్డ చల్లారగానే మారుస్తూ ఉండండి, లేదా దీనికోసమే దొరికే వేడి ఐ మాస్క్ వాడండి. ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోండి. చర్మం కమిలేంత వేడి వద్దు.

కాపడం అయ్యాక, వేడి తగ్గకముందే, పైరెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కింది నుంచి పైకి, వెంట్రుకల అంచు వైపు వేలితో నెమ్మదిగా నిమరండి. కనుగుడ్డును నొక్కకూడదు. గ్లకోమా ఆపరేషన్ అయిన కంటికి మాత్రం డాక్టర్ ఒప్పుకుంటేనే ఈ మసాజ్. ఆ తర్వాత రెప్పల అంచులను తుడిచే ప్రత్యేకమైన వైప్స్‌తో శుభ్రం చేయండి. వెంట్రుకల మొదట్లో గొట్టంలా చుట్టుకున్న పొట్టు కనిపిస్తే అది డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగుల గుర్తు. దానికి వేరే చికిత్స ఉంటుంది, డాక్టర్‌కి చూపించండి.

ఇదంతా రోజూ చేయాలి. రెండు మూడు రోజులు చేసి లాభం లేదని వదిలేస్తే లాభం ఉండదు, కనీసం నెల చూడండి.

స్క్రీన్ ముందు కూర్చుంటే రెప్పలు వాల్చడం బాగా తగ్గిపోతుంది, వాల్చినా సగమే వాలుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి చూపు దూరంగా తిప్పి, కొన్నిసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. ఫ్యాన్, ఏసీ గాలి నేరుగా ముఖం మీదికి రాకుండా చూసుకోండి. పొగాకు పొగ కంటి పైపొరకు చెరుపు.

ఏడో అడుగు: డాక్టర్ దగ్గర ఏం అడగాలి

మీ నోట్స్, సీసాలు తీసుకెళ్లండి. ప్రెషర్ చూడటంతో ఆగకుండా కంటి పైపొరను కూడా చూడమని అడగండి. పరీక్షలు పెద్దవేం కావు. ఫ్లోరెసిన్ అనే పసుపు రంగు వేసి నీలి వెలుతురులో చూస్తే దెబ్బతిన్న చోట్లు చుక్కచుక్కలుగా మెరుస్తాయి. అదే రంగుతో, రెప్ప వాల్చాక కన్నీటి పొర ఎన్ని సెకన్లలో తెగిపోతుందో లెక్కపెడతారు, 10 సెకన్లలోపు తెగితే నిలకడ తక్కువని అర్థం. షిర్మర్ పరీక్షలో కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీ పెడతారు, మత్తు చుక్క లేకుండా చేసినప్పుడు 5 నిమిషాల్లో 5 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే కన్నీరు బాగా తక్కువని. ఒకటి గుర్తుంచుకోండి: ఈ పరీక్షలు ప్రెషర్ చూడటానికి మత్తు చుక్కలు వేయకముందే జరగాలి. అందుకే డాక్టర్ గదిలోకి వెళ్లగానే, మత్తు చుక్క వేయకముందే మీ బాధ చెప్పండి.

తర్వాత మందుల మాట. అడగాల్సినవి ఇవి.

వాడుతున్న చుక్కకు ప్రిజర్వేటివ్ లేని రకం ఉందా? టాఫ్లుప్రోస్ట్ ప్రిజర్వేటివ్ లేకుండా వచ్చే ప్రోస్టాగ్లాండిన్, అమెరికాలో దీనికి 2012లో అనుమతి వచ్చింది. లాటనోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్, టిమోలాల్, డోర్జోలమైడ్-టిమోలాల్ జంట కూడా ప్రిజర్వేటివ్ లేని రూపంలో ఉన్నాయి. ధర సాధారణంగా ఎక్కువ. అన్నీ మార్చలేకపోతే, రోజుకు ఎక్కువసార్లు పడేదాన్ని ముందు మార్చడం తెలివైన పని.

రెండు సీసాల బదులు ఒకటి వాడొచ్చా? ఒకే సీసాలో రెండు మందులు కలిపిన చుక్కలు చాలా ఉన్నాయి. సీసాలు తగ్గితే ప్రిజర్వేటివ్ తగ్గుతుంది, మర్చిపోవడమూ తగ్గుతుంది.

నా కంటికి లేజర్ కుదురుతుందా? సెలెక్టివ్ లేజర్ ట్రాబెక్యులోప్లాస్టీ (ద్రవం బయటికి పోయే జల్లెడ మీద లేజర్ వేసి ప్రెషర్ తగ్గించడం) అనే చికిత్సను ఇప్పుడు ఓపెన్ యాంగిల్ గ్లకోమాలో, అంటే కంటి లోపలి ద్రవం బయటికి పోయే కోణం తెరిచే ఉండే రకంలో, మొదటి చికిత్సగానే ఇస్తున్నారు. బ్రిటన్‌లో 718 మందితో చేసి 2019లో ఫలితాలు ప్రచురించిన లైట్ అనే అధ్యయనంలో, మొదట లేజర్ చేయించుకున్న వాళ్లలో సుమారు 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల అవసరం రాలేదు. ప్రభావం కాలక్రమంలో తగ్గొచ్చు, మళ్లీ చేయొచ్చు. ముదిరిన జబ్బుకు, కొన్ని రకాల గ్లకోమాకు ఇది సరిపోదు. అయినా కళ్లు చుక్కలకు తట్టుకోలేకపోతున్న మనిషి ఈ ప్రశ్న అడగకుండా ఇంటికి రాకూడదని నా గట్టి నమ్మకం. కంటి లోపల పెట్టి నెమ్మదిగా మందు విడిచే ఇంప్లాంట్లు కూడా వచ్చాయి, బైమాటోప్రోస్ట్‌ది 2020లో, ట్రావోప్రోస్ట్‌ది 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. క్యాటరాక్ట్ ఆపరేషన్ ఎలాగూ చేయించుకోవాల్సి ఉంటే, దానితోపాటే ప్రెషర్ తగ్గించే చిన్న పరికరం పెట్టొచ్చేమో అడగండి.

వాపు ఎక్కువగా ఉన్నప్పుడు సైక్లోస్పోరిన్ చుక్కలు రాయొచ్చు. ఇవి పని మొదలుపెట్టడానికి వారాలు, నెలలు పడుతుంది, మొదట్లో కాస్త మండుతాయి. కన్నీరు బయటికి పోయే రంధ్రానికి చిన్న బిరడా పెట్టడం ఇంకో మార్గం. వాపు తగ్గించకుండా బిరడా పెడితే ప్రిజర్వేటివ్ కూడా కంట్లోనే నిలిచిపోతుంది, కాబట్టి ఆ క్రమాన్ని డాక్టరే చూసుకోవాలి. పైపొర బాగా దెబ్బతింటే కొన్నాళ్లు చుక్కలన్నీ ఆపి మాత్రలతో ప్రెషర్ అదుపులో పెట్టడమూ ఉంది. అది పూర్తిగా డాక్టర్ పర్యవేక్షణలో జరగాలి.

ఎనిమిదో అడుగు: వీటి జోలికి వెళ్లకండి

స్టెరాయిడ్ చుక్కలు. ఎర్రబడిన కంటికి వేయగానే హాయిగా ఉంటుంది, ఎరుపు పోతుంది, అందుకే మోసపోతారు. స్టెరాయిడ్ కంటి ప్రెషర్ పెంచుతుంది, ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉన్నవాళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఇంట్లో ఎవరికో రాసిన చుక్కలు, మందుల షాపులో ఊరికే అడిగి తెచ్చుకున్నవి వాడితే నరం మిగిలినంత కూడా దెబ్బతినొచ్చు. డాక్టర్ కొద్దిరోజులకు రాస్తే వాడొచ్చు, ప్రెషర్ మళ్లీ చూపించుకునే తేదీ మాత్రం ముందే ఖాయం చేసుకోండి. కళ్ల చుట్టూ రాసే స్టెరాయిడ్ క్రీమ్‌కి కూడా ఇదే జాగ్రత్త.

కళ్లు తెల్లగా చేస్తామనే, రక్తనాళాలను కుదించే చుక్కలు కూడా వద్దు. మందు ప్రభావం దిగగానే ఎరుపు ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది, కోణం ఇరుకుగా ఉన్న కంటికి ప్రమాదం కూడా. ఇంట్లో తయారుచేసిన ఏ ద్రవాన్నీ కంట్లో వేయకండి.

జలుబు, అలర్జీ మాత్రల్లో కొన్ని కళ్లను ఎండగడతాయి, కోణం ఇరుకుగా ఉన్నవాళ్లలో ప్రెషర్ ఒక్కసారిగా పెంచగలవు. కొనే ముందు మీ గ్లకోమా ఏ రకమో చెప్పి అడగండి. అసలు మీది ఓపెన్ యాంగిలా, ఇరుకు కోణమా అన్నది మీకు తెలిసి ఉండాలి. తెలియకపోతే వచ్చేసారి అడిగి రాసుకోండి.

తొమ్మిదో అడుగు: మార్పు తర్వాత మళ్లీ చూపించుకోండి

చుక్క మార్చాక రెండు విషయాలు చూడాలి: కొత్తది ప్రెషర్ తగ్గిస్తోందా, కన్ను తేరుకుంటోందా. ప్రెషర్ సంగతి సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో పరీక్షిస్తారు. కంట్లో హాయిగా ఉందని ఆ అపాయింట్‌మెంట్ మానకండి, హాయికీ ప్రెషర్‌కీ సంబంధం లేదు. పైపొర కోలుకోవడం నెమ్మది. అలర్జీ అయితే మందు ఆపిన కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. ఏళ్ల తరబడి ప్రిజర్వేటివ్‌తో దెబ్బతిన్న కన్ను నెలలు తీసుకుంటుంది.

ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. వీలైతే ఒక్కొక్కటిగా మార్చమని అడగండి. ఈలోగా వారం నోట్స్ మళ్లీ ఒకసారి రాసి పాతదానితో పోల్చండి.

ఫీల్డ్ టెస్ట్‌కి వెళ్లే రోజు ప్రిజర్వేటివ్ లేని లూబ్రికెంట్ దగ్గర పెట్టుకోండి, వేసుకోవచ్చా అని టెక్నీషియన్‌ని అడిగి పరీక్షకు కాసేపటి ముందు ఒక చుక్క వేసుకోండి. పరీక్ష మధ్యలో మసకబారితే రెప్పలు వాల్చండి, అవసరమైతే ఆపమని అడగండి. మండే కళ్లతో కష్టపడి పూర్తి చేసిన టెస్ట్ నమ్మదగ్గదిగా రాకపోతే మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది. ఆ రోజు కళ్లు బాగా మండుతుంటే ఆ సంగతి రిపోర్టు మీద రాయమని చెప్పండి. ఏడాది తర్వాత రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసే డాక్టర్‌కి అది పనికొస్తుంది.